వాడని పూలు

విత్తనాల గదిలో కిటికీని ఆనుకుని పొడవాటి బల్ల. దాని మీద పింగాణీ పళ్ళెం. పళ్ళెంలో బఠాణీ గింజంత ఎండుకాయ ఒకటి. ఆమె దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కిందికి జరిపి, లోపలున్న వాటిని సూదిమొనతో ఒక్కొక్కటిగా విడదీసింది. చూపుకి అన్నీ విత్తనాలే. నొక్కి చూస్తే ఒక్కదానిలోనూ పలుకు లేదు. సూది తగలగానే చితికి పొట్టు మిగులుతోంది. పోయిన ఏడూ ఇంతే, అంతకు ముందు ఏడూ ఇంతే. అంతా తాలు.

ఆ ఉద్యానంలో అరుదైన మొక్కల విత్తనాలు సేకరించి, ఆరబెట్టి, చలిపెట్టెల్లో దాచే బాధ్యత ఆమెది. మొదట్లో వెనకాల ‘గింజలమ్మ’ అనుకునేవారు. కొన్నాళ్ళకు మొహం మీదే పిలవసాగారు. ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది. పేరుకు తగ్గ గింజ ఒక్కటి కూడా ఆ ఎండుకాయల మొక్క నుంచి దొరక్కపోవడం గురించి మాత్రం ఎవరూ ఎగతాళి చేయలేదు. అది ఎవరికీ పట్టలేదు కనుక.

కిటికీ అవతల గుట్టవాలు ఊదారంగులో వెలిగిపోతోంది. నడుమెత్తు పొదలు, కొమ్మకొమ్మకూ అయిదు రేకుల పూలు, ప్రతి పువ్వు నడుమ పసుపుపచ్చని శంకువు. ఊదాచుక్క అంటారు ఆ మొక్కను. ఈ గుట్ట మీద, రోడ్డుకు అవతలి గుట్ట మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు రెండూ ఒకటే గుట్ట. నడుమ రోడ్డు వేసి కొండను పండులా కోశారు. రోడ్డు వెంట గోదాములు వచ్చాయి, గోదాముల కోసం లారీలు వచ్చాయి. నల్లటి లావుపాటి తుమ్మెదలు అటూ ఇటూ తిరిగిన కాలం అంతటితో సరి. నడుమ వాలడానికి పువ్వు లేదు, తలదాచుకోవడానికి ఎండుమాను లేదు, లారీ విసురుకు ఎదురీదే శక్తి తుమ్మెదకు లేదు.

గుమ్మంలో నీడ పడింది. ఉద్యానం డైరెక్టరు. చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీలోంచి గుట్టను చూస్తూ, కొడుకు పెళ్ళికి పందిరి చూసుకునే తండ్రిలా నవ్వాడు.

“చూశారా గింజలమ్మగారూ, పోయిన వారం విచ్చిన పూలు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ పూలేమో అని ముట్టుకుని చూస్తున్నారు.”

“వాడకపోవడమే జబ్బండీ.”

“పువ్వు వాడిందని ఏడ్చేవాళ్ళని చూశాను. వాడలేదని ఏడ్చేది మీరొక్కరే.”

“ఏడవడం లేదు. చెబుతున్నాను. పరాయి మొక్క పుప్పొడి అందితే ఈ పువ్వు మర్నాటికల్లా ముడుచుకుంటుంది. దాని పని అయిపోయింది కనుక. అందనంత కాలం విచ్చుకునే ఉంటుంది. మీరు చూసి మురిసిపోతున్నది అందం కాదండీ, ఎదురుచూపు.”

“మొత్తానికి మొక్కలు పెరిగాయా లేదా? అప్పట్లో గుప్పెడు ఉండేవి. ఇప్పుడు గుట్ట నిండా ఉన్నాయి.”

“ఉన్నది ఒక్కటేనండీ.”

ఆయన ఆ మాటను వినలేదో, విని వదిలేశాడో తెలియదు. “సందర్శకుల వారానికి మీరే అందరికీ గుట్ట చూపించాలి. ఆ మొహం కాస్త మార్చుకుని రండి. చావుకబురు పట్టుకొచ్చినట్టు ఉంటుంది,” అని వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదేవాళ్ళ బుగ్గలైనా చూస్తాడు.

ఒక్కటే అన్న మాటలో అతిశయోక్తి లేదు. నర్సరీ చూసే పెద్దాయనను అందరూ కొమ్మల మామయ్య అంటారు. ఎండుపుల్ల ఇచ్చినా వేళ్ళు తెప్పిస్తాడని ప్రతీతి. ఈ గుట్ట మీద మిగిలిన పొదల్లో అన్నిటికన్నా ఏపుగా, అన్నిటికన్నా ఎక్కువ పూలతో ఉన్నదాన్ని ఎంచి, దాని కొమ్మలే ముక్కలుగా కోసి, వేళ్ళు తెప్పించి, ఏటేటా గుట్టంతా నాటుతూ వచ్చాడు. పాతవి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. వాటి చోట ఇవి నిలిచాయి. ఆ తల్లిమొక్కకు ఒక గుర్తు ఉండేది: అయిదు రేకుల్లో ఒకటి పుస్తకంలో కాగితం మూల మడిచినట్టు లోపలికి మడతపడి ఉంటుంది. ఇప్పుడు గుట్ట మీద ఏ పువ్వును చూసినా అదే మడత.

ఆ సంగతి ఆమె అతనికి చెప్పిన రోజున అతను నొచ్చుకున్నాడు.

“మంచి మొక్క నుంచి కాక, రోగిష్టిదాని నుంచి కొమ్మ తీస్తారా ఎవరైనా?”

“ఇవి వెయ్యి మొక్కలు కావు మామయ్యా. వెయ్యి చోట్ల నిలబడ్డ ఒకే మొక్క. తుమ్మెద ఈ పొద నుంచి ఆ పొదకు పుప్పొడి మోసినా, తన పుప్పొడే తనకు తెచ్చినట్టు. పువ్వు ఆ సంగతి పసిగట్టి లోపలికి రానివ్వదు. తన నీడతో తాను కాపురం చేస్తే పిల్లలు పుడతారా?”

“అప్పుడప్పుడూ కాయ కడుతోంది కదమ్మా.”

“కడుతోంది. ఒక్కసారి చీల్చి చూడు.”

చీల్చి చూశాడు. ఆ తర్వాత ఆమె ఎదురుపడితే పక్కదారి పట్టేవాడు.

ఇక ఆశ ఒక్కటే: అవతలి గుట్ట. అక్కడ పాత పొదలు పాతికకు మించి ఉండవు. వంకరవి, పీలవి, ఆకులకు మచ్చలున్నవి. కాని ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదాని పువ్వు తెల్లబారి ఉంటే మరొకదానిది నేరేడుపండు రంగు. ఒకటి ముందు పూస్తే ఇంకొకటి ఆలస్యంగా పూస్తుంది. ఒకటి ఎండకు ఓర్చుకుంటే మరొకటి తేమకు. రేపు ఏ తెగులు వచ్చినా ఏదో ఒకటి బతికి బట్టకట్టడానికి ఉన్న పూచీ అంతా ఆ వికారంలోనే ఉంది. అక్కడి పుప్పొడి ఇక్కడి పువ్వుకూ, ఇక్కడిది అక్కడి పువ్వుకూ అందించగలిగితే ఒక్క నిండు కాయైనా దక్కుతుంది. ఈ ఏడు దక్కకపోతే మరి దక్కదేమోనన్న భయం ఆమెను నిద్రలో కూడా వదల్లేదు. ఆ గుట్ట గోదాముల వాళ్ళ ప్రహరీలో చిక్కుకుని ఉంది. ఎన్నిసార్లు అడిగినా లోపలికి రానివ్వలేదు. ఈ ఏడాది దారి దొరికింది. ఆ ప్రహరీలో పచ్చదనం పెంచే కాంట్రాక్టు ఆమె తమ్ముడికే వచ్చింది.

తమ్ముడి ఇంటి మేడ మీది వాటాలోనే ఆమె కాపురం. రాత్రి భోజనాలు కిందనే, ముగ్గురూ కలిసి.

“రేపు తీసుకెళ్తానక్కా. నువ్వు ఊహించనిది చూపిస్తాను,” అన్నాడు తమ్ముడు.

“ఏం చూపిస్తావురా?”

“చెబితే ఏముంది? వచ్చి చూడు. నీ కళ్ళు చెదిరిపోవాలి.”

మరదలు వడ్డిస్తూ నవ్వింది. “వదినా, ఈయన ఇంట్లో విప్పిన చొక్కా విప్పిన చోటే. బయట మాత్రం గడ్డిపరక పక్కకి ఒరిగినా ఊరుకోరట. చీపురుకి ప్రాణం పోస్తే మీ తమ్ముడే.”

“పనిచోట శుభ్రంగా ఉంటేనే బిల్లు పాసవుతుందే.”

“మరి ఇంట్లో?”

“ఇంట్లో బిల్లు పాసు చేసేది నువ్వేగా. నీ దగ్గర ఎలా ఉన్నా కాదంటావు.”

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ‘శుభ్రంగా’ అన్న మాట దగ్గర ఆమె ముద్ద ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే ఇవతలి గుట్టలో పుప్పొడి తీసుకుంది. ఊదాచుక్క పుప్పొడి చేత్తో దులిపితే రాలదు. పసుపు శంకువు కొసన సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది; తుమ్మెద దాన్ని పట్టుకుని ఝుమ్మన్నప్పుడే లోపలి పొడి బయటికి చిమ్ముతుంది. అందుకని ఆమె దగ్గర బడిలో సైన్సు మాస్టర్లు వాడే శృతిదండం ఒకటి ఉంది. దాన్ని మోకాలికి కొట్టి, మోగుతుండగా శంకువుకు తాకించి, రాలిన పొడిని గాజుగొట్టంలో పట్టి, తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం దాటితే ఆ పొడిలో ప్రాణం ఉండదు.

తమ్ముడి వెనక రోడ్డు దాటింది. రెండు లారీల మధ్య దొరికిన సందులో అతను ఆమె మోచెయ్యి పట్టుకుని పరుగెత్తించాడు. గోదాముల వెనక ఇనుపగేటు. గేటు తాళం తీసి, పక్కకు తప్పుకుని, “చూడు,” అన్నాడు.

గుట్ట ఊదారంగులో వెలిగిపోతోంది.

ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. ఒకే ఎత్తు పొదలు, ఒకే ఎడం, వరసలు తాడు పట్టి నాటినట్టు. కింద బెత్తెడు మందాన ఎర్రటి చెక్కపొట్టు పరిచి ఉంది. ఒక్క కలుపుమొక్క లేదు, ఒక్క ఎండుకొమ్మ లేదు. దగ్గరకు వెళ్ళి ఒక పువ్వును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. అయిదు రేకులు. ఒకటి మడత. పక్క పొద చూసింది. మడత. ఆ వెనకది చూసింది. తర్వాత చూడడం మానేసింది.

“ఇవి ఎక్కడివి?” అంది.

“మీవే. మీ నర్సరీవే. కొమ్మల మామయ్యే ఇచ్చాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. అవతలి గుట్టలో పట్టుమని పాతిక కూడా లేవని ఎన్నేళ్ళుగా దిగులు పడుతున్నావు? ఇప్పుడు లెక్కపెట్టుకో.”

“ముందున్నవి ఏవి?”

“ఆ పాతవా? అవేం మొక్కలక్కా, పుల్లలు. సగం ఎండిపోయాయి. తీయించేశా.”

“తీయించి?”

“మిషన్లో వేశాం.” అతను కాలితో నేలను తట్టాడు. “పారేయలేదు. ఆ పొట్టే ఇది. ఎండుమానులు కూడా ఉంటే కలిపి ఆడించాం. నిండా తుమ్మెదల బొరియలు. మాకు రెండు రోజులు పట్టింది. చల్లదనానికి మంచిదని వీటి మొదళ్ళలోనే పరిపించా.”

ఆమె తన పాదాల వైపు చూసుకుంది. చెప్పులు పొట్టులో దిగబడి ఉన్నాయి. వాన పడ్డ కొయ్య వాసన వేస్తోంది. పక్కకు జరుగుదామంటే ఎటు జరిగినా అదే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని లోకం నవ్వుతూ చెప్పుకుంటుంది. నాలుక పోయినవాళ్ళు నవ్వినట్టు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

తమ్ముడి మొహంలో వెలుగు కొద్దికొద్దిగా తగ్గింది. “ఏమైందక్కా?”

ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. మొక్క గురించి, మడత గురించి, తాలు గురించి, తుమ్మెద గురించి, వినేవాడికి అర్థమయ్యే వరసలో చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి, “ఎవరూ చెప్పలేదు కదా,” అన్నాడు. “ఎవరినీ అడగలేదు కదా,” అంది ఆమె.

ఆమె వెతకడం మొదలుపెట్టింది. ప్రహరీ వెంట, రాళ్ళ సందుల్లో, నీళ్ళ గొట్టాల వెనక. కూలీల చేతికి అందనిది ఏదైనా మిగిలి ఉంటుందని. మూల మీద గోడకూ మురుగుకాలువకూ మధ్య జానెడు సందు ఉంది. ఆ సందులో, సిమెంటు మరకలు పడ్డ ఆకులతో, గోడ మీదికి ఒరిగి ఒక పొద ఉంది. దానికి రెండు పూలు. తెల్లబారిన ఊదా. రేకులు అయిదూ చాచిన అరచేయిలా నిటారుగా ఉన్నాయి.

“తమ్ముడూ,” అంది. పొద్దుటి నుంచి ఆమె గొంతు అలా పలకడం అదే మొదటిసారి. “ఇలా రా. మెల్లిగా.”

కాలువగట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి సందులోకి చాచి, శృతిదండం మోగించి ఆ పూల పుప్పొడిని వేరే గొట్టంలో పట్టింది. ఆ తర్వాత సన్నటి కుంచెతో, తను తెచ్చిన పొడిని రెండు పూల కీలాగ్రాలకూ అద్దింది. పక్కన తమ్ముడు ఊపిరి బిగబట్టి, ఆమె కాళ్ళు జారకుండా మడమలు పట్టుకున్నాడు.

పుప్పొడి అద్దిన పూలకు గుడ్డసంచి కట్టడం రివాజు. కట్టలేదు. లారీ పోయినప్పుడల్లా సందులోంచి గాలి దూసుకొస్తోంది. సంచి తెరచాపలా ఉబ్బితే ఆ నూలుపోగు తొడిమ తెగిపోతుంది. గుర్తుకు దారమూ కట్టలేదు. ఉన్నవే రెండు పూలైతే గుర్తు ఎవరికోసం?

“కాయ కట్టి పండాలంటే నెలపైన పడుతుంది,” అంది లేచి దుమ్ము దులుపుకుంటూ. “అందాకా ఇది నీ పూచీ. నీళ్ళు పోయకు. ఎరువు వేయకు. పాదు చేయకు. మందు కొట్టనివ్వకు. మనుషులెవరినీ ఇటు రానివ్వకు.”

“నేనే కాపలా ఉంటా.”

“ఉండు.”

“అక్కా, నా మీద కోపమా?”

“ఈ కాయ పండాక చెబుతా.”

అవతలి పూల పుప్పొడి చిటికెడు కూడా రాలేదు. వచ్చినదంతా ఆ సాయంత్రమే ఇవతలి గుట్ట మీద ఒకే పువ్వుకు అద్దింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ పువ్వు ముడుచుకుంది. చుట్టూ వందల పూలు కళ్ళు తెరుచుకుని ఉండగా అది ఒక్కటే తల వాల్చింది. ఆమె దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దారిన పోతున్న డైరెక్టరు, “అయ్యో, ఒకటి వాడింది,” అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఆ సాయంత్రం ఉడుత ఒకటి ఆ రెమ్మను కొరికి పారేసింది. ఆమె దాన్ని నేల మీంచి తీసి, చూసి, జేబులో వేసుకుంది. ఫరవాలేదు, అవతల రెండున్నాయి.

సందర్శకుల వారం ఆమెను కదలనివ్వలేదు. జనం బస్సుల్లో వచ్చారు. పూల ముందు నిలబడి ఫొటోలు దిగారు. ‘అంతరించిపోతుందనుకున్న మొక్క ఎలా తిరిగి లేచిందో చూడండి’ అని డైరెక్టరు చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆమె తమ్ముడిని అడిగింది, “ఎలా ఉంది?” అతను రోజూ, “పచ్చగా ఉందక్కా,” అన్నాడు. అలా చెప్పేటప్పుడు అతని మొహం మునుపటి కన్నా తేటగా ఉండేది. “స్టూలు వేసుకుని అక్కడే కూర్చుంటున్నారట వదినా,” అంది మరదలు. “పెళ్ళయిన కొత్తలో నా కోసం కూడా అంతసేపు కూర్చోలేదు.”

వారం గడిచాక ఆమె రోడ్డు దాటింది. ప్రహరీ మూలన తమ్ముడు నిజంగానే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. చెప్పినవన్నీ పాటించాడు: మట్టి తవ్విన ఆనవాలు లేదు, తడి లేదు, చుట్టూ మనిషి అడుగు లేదు. పొద పచ్చగానే ఉంది. ఆమె కాలువగట్టు మీద వంగి చూసింది. రెండు కొమ్మల కొసలూ కత్తెరతో నున్నగా కోసి ఉన్నాయి.

“పూలు ఏవి?” అంది.

“అవా. వాడిపోయాయక్కా. నువ్వొచ్చి వెళ్ళిన మర్నాడు చూస్తే రెండూ ముడుచుకుని వేలాడుతున్నాయి. వాడిన పువ్వును ఉంచితే మొక్క సారమంతా దానికే పోతుంది కదా. మేం ఎక్కడైనా అంతే చేస్తాం.” గర్వంగా కాదు, భయం భయంగా చెప్పాడు. “చేత్తో లాగలేదు. కత్తెర వేడినీళ్ళతో కడిగి మరీ తీశా. నువ్వు చూస్తే బాధపడతావని నీకు చెప్పలేదు.”

ఆ రోజు ఆమే చేయకూడనివన్నీ ఏకరువు పెట్టింది. ఈ ఒక్కటి చెప్పాలని తోచలేదు. ఆమె పనిచేసే చోట తుంచడానికి వాడిన పువ్వు అంటూ ఉండదు కనుక.

అతను ఆమె మొహం చూశాడు. అడగకుండానే అర్థమైంది. స్టూలు మీద కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. “మళ్ళీ పూస్తుందా?” అన్నాడు.

ఆమె సందులోకి చెయ్యి చాచి మొదలును బొటనవేలితో నొక్కింది. బెరడు వేలి కింద మెత్తగా దిగింది. గోడకు పునాది తీసినప్పుడే ఒక పక్క వేళ్ళు తెగిపోయి ఉంటాయి. పోయే ముందు ఒక్కసారి పూసింది. మొక్కలు అలా పూస్తాయి. ఆ మాట తమ్ముడికి చెప్పలేదు.

“కొమ్మల మామయ్యకు ఫోన్ చెయ్యి. కత్తి కడుక్కుని రమ్మను. ఈ పూటే రమ్మను.”

“కొమ్మలా?” అతను తల ఎత్తాడు. “కొమ్మలతోనే కదా ఇదంతా వచ్చిందన్నావు.”

“అవును.”

“వేళ్ళు వస్తే సరిపోతుందా మరి?”

“వస్తే లోకంలో రెండు మొక్కలుంటాయి. ఇదొకటి,” అంది. ఇంకొకటి చూపించడానికి చెయ్యి ఎత్తి, ఎటు చూపినా ఒకటే కనుక మళ్ళీ దించేసింది. “వాటిని కలిపే తుమ్మెద లేదు. మనమున్నన్నాళ్ళు మనం ఝుమ్మనాలి.”

గోడ అవతల లారీ ఒకటి గేరు మార్చి వేగం అందుకుంది. సందులోకి గాలి దూసుకొచ్చి పొద గోడకు కొట్టుకుంది. తమ్ముడు చప్పున లేచి, అడ్డుపెట్టడానికి రెండు చేతులూ చాచాడు. చాచినవాడు మొక్క దాకా వెళ్ళి ఆగిపోయాడు. ముట్టుకోవచ్చో కూడదో తెలియక, అక్క వైపు చూస్తూ, ఆ చేతులను అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.